యాభై మూడున్నర

సోమవారం పొద్దున అక్కయ్య తను పనిచేసే విగ్గుల దుకాణం తాళం తీస్తుండగానే లోపల ఫోను మోగడం మొదలైంది. సంచి కుర్చీకి తగిలించి అందుకునేలోపు ఆగిపోయి, కూర్చునేలోపు మళ్ళీ మోగింది. అవతల యాభై ఆరు. కస్టమరు కార్డు మీద మనిషి పేరు, చిరునామా అన్నీ ఉంటాయి గానీ, ఇరవై ఏళ్ళు విగ్గులు అల్లి, కళ్ళు మసకేసి కంప్యూటరు బల్లకు మారిన అక్కయ్యకు మనుషులు తల కొలతతోనే గుర్తు. యాభై ఆరు రిటైరైన ఉద్యోగి, వీధి చివరిదాకా వినబడేట్టు మాట్లాడే మనిషి. అలాంటాయన గొంతు తగ్గించి, తన ఫోటో తనకే ఎవరో మెయిల్లో పంపారని చెప్పాడు. విగ్గు లేని ఫోటో. కొలతల కోసం దుకాణం వెబ్‌సైట్లో పెట్టిందే. అడిగినంత ఇవ్వకపోతే బంధువులందరికీ పంపుతానని కింద రాసి ఉందట.

పది కొట్టేలోపు అలాంటి ఫోన్లు పదకొండు వచ్చాయి. కొందరు తిట్టారు. యాభై ఎనిమిది మాత్రం, నా బట్టతల చూస్తే నాకే నవ్వొస్తుంది, పంపుకోమనండి అన్నాడు గానీ వెంటనే, నిజంగా పంపుతాడంటారా అని అడిగాడు. వెనక గదిలో చెక్క తలల మీద వల బిగించి, కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా ముడివేస్తున్న ముగ్గురు ఆడవాళ్ళూ పని ఆపి గుమ్మంలోకి వచ్చారు. ఏమైందక్కా అంటే అక్కయ్య దొంగలు పడ్డారంది. వాళ్ళు గల్లాపెట్టె వైపు చూశారు.

ఆ దుకాణానికి వచ్చేవాళ్ళు సరదాకి వచ్చేవాళ్ళు కారు. జబ్బు చేసి జుట్టు పోయినవాళ్ళు, పుట్టుకతోనే లేనివాళ్ళు, కాలిన మచ్చలు దాచుకునేవాళ్ళు. తలగుడ్డ విప్పేటప్పుడు వాళ్ళ మొహం చూడకూడదు, తలా చూడకూడదు, కొలత టేపు మీది అంకెలే చూడాలి. దుకాణం మొదలుపెట్టిన పెద్దాయన అక్కయ్యకు నేర్పిన మొదటి పని అదే. ఇప్పుడా తలలన్నీ ఎవడో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఉన్నాయి.

పెద్దాయన కొడుకు పదిన్నరకు వచ్చాడు. ప్రస్తుతం యజమాని ఆయనే. సంగతి విని తల పట్టుకుని, ఎవరెవరికో ఫోన్లు చేసి, మధ్యాహ్నానికల్లా ఒక మనిషిని పిలిపించాడు. చిన్న చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు భద్రత చూసే మనిషట. నలభై ఐదేళ్ళుంటాయి, మాట నెమ్మది, భుజాన బరువైన సంచి. వెనక గది ఆడవాళ్ళు ఆయనకు సాయంత్రానికల్లా తాళాలాయన అని పేరు పెట్టేశారు.

తాళాలాయన గంటసేపు తన కంప్యూటరు చూసుకుని, చూపు అందులోనే ఉంచి అడిగాడు. "లాగిన్ కస్టమరు వరుస నంబరు. పాస్‌వర్డ్ తల కొలత. అంతేనాండీ?"

అంతేనంది అక్కయ్య.

"యాభై నుంచి అరవై దాకా, అర సెంటీమీటరు చొప్పున ఎన్ని కొలతలుంటాయి?"

ఆమె లెక్కపెట్టక్కర్లేదు. ఆ చెక్క తలలు వరుసగా అలమరలో ఉంటాయి. ఇరవై ఒకటి అని చెప్పింది.

"అయితే ఒక్కో తలుపు దగ్గర ఇరవై ఒక్కసారి ప్రయత్నిస్తే చాలు. మనిషి కూడా అక్కర్లేదు, యంత్రమే చేసుకుపోతుంది." ఆయన కోపంగా అనలేదు. జలుబు చేసిందని డాక్టరు చెప్పినట్టు చెప్పాడు.

యజమాని వెంటనే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అదంతా అక్కయ్య చేసిన పనండీ. పాతకాలం మనిషి, తెలీక చేసింది. మంచిదే పాపం."

అక్కయ్య నోరు తెరిచింది. నాలుగేళ్ళ కిందట ఇదే బల్ల పక్కన నిలబడి, వేరుశనగలు నములుతూ, పెద్దవాళ్ళ పాస్‌వర్డ్ గోల పడలేకపోతున్నాం, తల కొలతే పెట్టేయమన్నది ఎవరో ఆమెకు బాగా గుర్తుంది. వెనక గదిలో సూదుల చప్పుడు లేదు, అందరూ వింటున్నారు. ఇప్పుడంటే ఏమవుతుంది? నిజమే, పెట్టింది తన చేతులే. వెయ్యిన్ని నూట నలభై మందికి ఒక్కొక్కరికీ తనే పెట్టింది. తెరిచిన నోరు మూసుకుంది. పాపం అన్న ఆ ముక్క మాత్రం సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

*

మంగళవారం తాళాలాయన ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దుకాణంలో అందరికీ కలిపి ఒకటే లాగిన్ ఉందని తెలిసి నిట్టూర్చాడు. ఎవరికి వారికి విడివిడిగా చేశాడు. ఆ పద్ధతికి ముందు పనిచేసి మానేసిన ఇద్దరి ఖాతాలు ఇంకా బతికే ఉంటే వాటిని మూసేశాడు. ఆరేళ్ళుగా ఎవరూ ముట్టుకోని వెబ్‌సైట్ సాఫ్ట్‌వేరును కొత్తది చేశాడు. ఐదుసార్లు తప్పు కొడితే తలుపు దానంతటదే మూసుకునేట్టు పెట్టాడు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు ఒక కోడ్ వస్తుందని, అది కూడా కొడితేనే లోపలికి రానిస్తుందని చెప్పాడు.

"ఇప్పుడు మీ పాస్‌వర్డ్ మీరు పెట్టుకోండి. పొడుగ్గా ఉండాలి, ఇంకెవరికీ తట్టకూడదు" అని కుర్చీ తిప్పుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ గోడ మీద చూడడానికి ఏమీ లేదు, తడి మరక తప్ప. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నంతసేపూ, ఐదు నిమిషాలు పట్టినా, ఆయన ఆ మరకనే చూశాడు. తలగుడ్డ విప్పిన మనిషి ఎదుట తను ఎలా నిలబడేదో అలాగే ఉన్నాడని అక్కయ్యకు అనిపించింది. ఆ తర్వాత ఆయనంటే బెరుకు పోయింది.

మధ్యాహ్నం ఆయన, దొంగ తెరిచిన ఖాతాల జాబితా తీసిచ్చాడు. అరవై మూడు నంబర్లు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, వాడికి జవాబివ్వకండి, ఏమీ పంపకండి, పోలీసులకు చెప్పండి అని చెప్పాలి. అక్కయ్య వేలు కాగితం మీద జారుతూ నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది.

నాలుగు వందల పన్నెండు అంటే యాభై మూడున్నర.

ఆమెను అక్కయ్య ఎప్పుడూ చూడలేదు. వేరే ఊరు. కొలత తనే తీసుకుని ఫోటోతో పంపింది, ఏడేళ్ళ కిందట. మొదటి ఉత్తరంలో గాలికి ఊడిపోదు కదా అని అడిగింది. ఊడదు, నుదుటి దగ్గర అతుకు టేపు ఇలా పెట్టుకోండి, చల్లనీళ్ళతోనే కడగండి అని రాసిన అక్కయ్య, చివర సొంతంగా ఒక వాక్యం కలిపింది. మొదటి రోజు అందరూ మన నెత్తే చూస్తున్నట్టుంటుంది, నిజానికి ఎవరి గొడవ వాళ్ళది అని. దానికి జవాబు వచ్చింది. అలా మొదలై, నెలకోటి, ఒక్కోసారి రెండు. అక్కయ్య వాటిని మెయిళ్ళు అనదు, ఉత్తరాలే అంటుంది. జవాబులో సగం విగ్గు సంగతి, చివర ఒక వాక్యం తనది. కింద సంతకం మాత్రం పెద్దాయన పెట్టిన పద్ధతి ప్రకారం కస్టమర్ సేవ అనే.

యాభై మూడున్నర ఒక ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. అక్కడ ఎవరికీ తెలియదు. అగ్నిప్రమాదం జరిగితే అలాగే బయటికి పరిగెత్తాల్సి వస్తుందని విగ్గు పెట్టుకునే పడుకుంటుంది. ఒకతన్ని ఇష్టపడి, అతను ప్రేమగా తల నిమరబోయేసరికి చెయ్యి తోసేసి, ఆ తర్వాత అతని ఫోన్లు ఎత్తలేదు. వాళ్ళమ్మ పోయిన రోజు, ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడికి రాస్తున్నానంటూ మూడు లైన్లు రాసింది. ఆ రోజు అక్కయ్య జవాబులో విగ్గు ఊసే లేదు.

అక్కయ్యకు ఈ ప్రపంచంలో ఉన్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. అలా అని ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారని తెలుసు.

జాబితాలోని అందరికీ ఫోను చేసింది. ఆమెకు చేస్తే ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. జాగ్రత్తలన్నీ రాసి మెయిలు పెట్టి, చివర ఎలా ఉన్నారు అని రాసి, ఆ మాట సరిపోదనిపించి చాలాసేపు చూసి, ఇంకేమీ తోచక పంపేసింది. సాయంత్రం ఆరున్నర దాకా కూర్చున్నా ఉలుకూ పలుకూ లేదు.

ఇంటికి వెళ్ళి కుక్కరు పెట్టిందో లేదో తమ్ముడి ఫోను. "అక్కా, కోడ్ వచ్చిందా?" వాడి బ్యాంకు ఖాతాకు ఎప్పుడో ఆమె నంబరు ఇచ్చారు, అదే సాగుతోంది. ఆరంకెలు చదివింది. బావున్నావా అన్నాడు, బావున్నానంది, పిల్లలెలా ఉన్నారంటే బాగానే ఉన్నారంటూనే పెట్టేశాడు. ఇంకొకరి ఫోనుకు కోడ్ రావడం ప్రమాదమని, ఎవరి నంబరు వాళ్ళకే ఉండాలని పొద్దునే తాళాలాయన చెప్పాడు. తమ్ముడికి అది చెప్పాలి. చెబితే వాడు మార్చుకుంటాడు. మార్చుకుంటే నెలకు రెండు మూడుసార్లు వచ్చే ఆ ఫోను కూడా ఉండదు. కుక్కరు కూత వేసేదాకా ఫోను చేతిలోనే పట్టుకుని, రేపు చెబుదాంలే అనుకుంది.

*

బుధవారం తాళాలాయన అసలు మాట చెప్పాడు. తలుపులెన్ని బిగించినా ఇంట్లో అంత సరుకు పోగేసుకోకూడదట. విగ్గు చేతికందాక ఫోటోతో పనేముంది? తీసేయాలి. పదకొండేళ్ళ ఉత్తరాలెందుకు? తీసేయాలి. ఇక ముందు ముప్పై రోజులు దాటినవి వాటంతటవే పోతాయి. శుక్రవారం మధ్యాహ్నానికి పాతవన్నీ చెరిపేద్దామన్నాడు.

"అన్నీనా?" అంది అక్కయ్య.

"దగ్గర లేనిదాన్ని ఎవడూ పట్టుకుపోలేడు కదండీ."

అందులో అబద్ధమేముంది? అయినా ఆ ఉత్తరాలు కాగితం మీద రాసుకోవచ్చా అని అడగబోయి ఆగింది. జవాబు ఆమెకే తెలుసు. కాగితం మాత్రం పోదా.

యజమాని ఈ మాట విని మహా ఉత్సాహపడ్డాడు. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, ఇక కస్టమర్లకు సొంతంగా రాయడమే వద్దన్నాడు. ముప్పై రకాల జవాబులు ముందే రాసి పెట్టుకుంటే సరి, ఏది కావాలో అది నొక్కడమే. వచ్చే సోమవారం నుంచి అదే పద్ధతి.

ఆ రోజూ మర్నాడు పొద్దునా అక్కయ్య పాత ఉత్తరాలు ఒక్కొక్కటే తెరిచి, ఇంకా పూర్తికాని ఆర్డర్లేమైనా ఉన్నాయేమో చూసి పక్కన పెట్టింది. పని అది. నిజానికి చదువుకుంది. పెళ్ళిలో దండ మార్చుకునేటప్పుడు జారుతుందేమోనని భయపడ్డ యాభై నాలుగు, ఆ తర్వాత బిడ్డ గుప్పిట్లో విగ్గు పట్టుకు లాగిందని నవ్వుతూ రాసింది. వందోసారి కూడా రంగు నచ్చలేదన్న యాభై ఏడు. యాభై మూడున్నర ఉత్తరాలు మాత్రం చివరికి ఉంచుకుంది.

వాటికి ఇంకా చేరకముందే, నాలుగేళ్ళ కిందటి చెత్తలో, యజమాని పేరుతో ఒక చిన్న సందేశం దొరికింది. నోటితో అనడమే కాదు, ఆ రోజే రాసి కూడా పంపాడు. "అక్కయ్యా, ముసలివాళ్ళ పాస్‌వర్డ్ ఫోన్లతో ప్రాణం పోతోంది. అందరికీ వాళ్ళ తల కొలతే పెట్టేయ్. సొంత తలని ఎవరూ మర్చిపోరుగా." పక్కన నవ్వు మొహం బొమ్మ.

పక్క కుర్చీలో ఉన్న తాళాలాయనకూ అది కనబడింది. ఆయన కాసేపు ముక్కు తుడుచుకుని, ఇదీ చెరిపే వాటిలోదే, అంతకుముందు ఎవరికైనా చూపించాలంటే ఇప్పుడే చూపించండి అన్నాడు. చెప్పి టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు.

అక్కయ్య యజమానిని పిలిచింది. ఆయన వచ్చి, వంగి చదివి, నిటారుగా నిలబడి దగ్గాడు.

"అప్పట్లో ఏదో సరదాకి అన్నాను. నువ్వు నిజంగా పెట్టేస్తావని నాకేం తెలుసు?"

"వెయ్యిమందికి పెట్టాను బాబూ. మూడు వారాలు పట్టింది. మీరు రోజూ ఎంతవరకు వచ్చిందని అడిగేవారు."

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టి, కస్టమర్లందరికీ క్షమాపణ రాయించాను, కొట్టి పంపేయ్ అని వెళ్ళిపోయాడు. కాగితంలో, మా సిబ్బందిలో ఒకరి అవగాహనా లోపం వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని ఉంది. సదరు సిబ్బందిపై తగు చర్య తీసుకోబడుతుంది అని కూడా ఉంది. కింద ఎప్పటిలా కస్టమర్ సేవ. తనమీద తనే చర్య తీసుకుంటానని తన చేత్తోనే వెయ్యిమందికి రాయాలన్నమాట.

అక్కయ్య ఆ కాగితాన్ని మధ్యాహ్నం దాకా అలాగే ఉంచింది. వెనక గదిలోకి వెళ్ళి, అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసింది. కోపం వచ్చిందని కొంచెం ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే అది ఆమెకు అలవాటు లేని సరుకు. ఉద్యోగం పోతుందనే భయం కన్నా, ఆ కాగితం యాభై మూడున్నర చదువుతుందన్న ఊహ ఎక్కువ మండించింది. సదరు సిబ్బంది అట. ఏడేళ్ళు రాసిన మనిషి గురించి ఆమె చదవాల్సింది అదా?

తిరిగి వచ్చి కూర్చుని కాగితాన్ని సొరుగులో పడేసి, తనే కొట్టడం మొదలుపెట్టింది. తాళాలాయన కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాడు. పాస్‌వర్డ్ కాదండీ అని ఆమె చెప్పినా తిప్పుకునే ఉన్నాడు.

"మీ పాస్‌వర్డ్‌గా మీ తల కొలత పెట్టింది నేను. పెట్టమన్నది దుకాణం. అది ఎంత తేలిగ్గా ఊడొచ్చే తాళమో ఇద్దరికీ తెలియలేదు. తెలుసుకోవలసిన బాధ్యత మాది, మీది కాదు. అందుకు క్షమించండి. ఫోటో పంపుతానని బెదిరించేవాడికి జవాబివ్వకండి, ఎంత భయమేసినా ఏమీ పంపకండి. మీ ఫోటోలు, ఉత్తరాలు ఇంకెవరెవరు చూశారని చాలామంది అడిగారు. ఆ దొంగ కాక, ఈ దుకాణంలో చూసింది నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ మీకు జవాబులు రాసింది కూడా నేనే. ఎవరికీ చూపించలేదు, ఎవరితోనూ చెప్పలేదు. రేపు మధ్యాహ్నం అవన్నీ చెరిపేస్తున్నాం."

కస్టమర్ సేవ అన్నది తీసేసి, కంప్యూటరు బల్ల దగ్గర కూర్చునే మనిషి అని పెట్టింది. నేను అన్న మాట దుకాణం తరఫున రాయడం ఆమెకు అదే మొదటిసారి. రెండుసార్లు చదువుకుని పంపింది. లోపల హాయిగా ఉంది. ఇప్పుడైనా యాభై మూడున్నరకు తెలుస్తుంది, తను రాస్తున్నది ఒక మనిషికని.

*

శుక్రవారం యజమాని మొహం మాడ్చుకుని వచ్చాడు. చెప్పింది చెయ్యకుండా సొంత పెత్తనం ఏమిటన్నాడు, వ్యాపారం వీధిన పెట్టావన్నాడు. అప్పుడే యాభై ఆరు ఫోను చేసి, ఆ పెద్ద గొంతుతోనే, నిజం ఒప్పుకున్న కొట్టు ఇదొక్కటే చూశానయ్యా, మా మరదలికి కూడా మీ దగ్గరే చేయిస్తాను అన్నాడు. అలాంటివే మరో నాలుగు వచ్చాయి. ఖాతా మూసేయమని తిట్టినవాళ్ళూ ఇరవై మందికి పైనే ఉన్నారు. సాయంత్రానికి యజమాని తాళాలాయనతో, ఏమైనా సరే కస్టమరుకు నిజం చెప్పాలన్నది మా పాలసీ అండీ అంటుంటే వెనక గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ముప్పై జవాబుల పద్ధతి మాత్రం సోమవారం నుంచి ఖాయమన్నాడు.

పాతవన్నీ చెరిపింది ఆ మధ్యాహ్నం పన్నెండుకు. అంతకు ముందు గంటసేపు అక్కయ్య యాభై మూడున్నర ఉత్తరాలు చదువుకుంది. అన్నిటికీ ఆ సమయం చాలలేదు. వాళ్ళమ్మ పోయినప్పటిది రెండుసార్లు చదివింది. మీరే నొక్కండి అన్నాడు తాళాలాయన. నొక్కింది. పదకొండేళ్ళు పోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. సాయంత్రం తాళాలాయన తన సంచి సర్దుకుని, ఏదైనా తేడాగా అనిపిస్తే ఫోను చెయ్యండి అని కార్డు ఇచ్చి, వెనక గదిలోకి కూడా తొంగిచూసి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఖాళీ పెట్టె ముందు కూర్చుని అక్కయ్య కొత్త ఉత్తరం కోసం చూసింది. రాలేదు.

శనివారం ఒంటిపూట దుకాణం. పొద్దున వచ్చేసరికి ఉంది. నాలుగు వందల పన్నెండు. అక్కయ్య వెంటనే తెరవలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని తెరిచింది.

"నాకూ ఆ బెదిరింపు వచ్చింది. సోమవారం రాత్రంతా కూర్చుని ఆలోచించి, వాడు చెప్పేలోపు నేనే చెబుదామని మంగళవారం మా ఆఫీసులో చెప్పేశాను. ఒక్క నిమిషం చూశారు, తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. నిన్నటి నుంచి స్కార్ఫుతోనే వెళ్తున్నాను. అందుకని తల సంగతి నాకిప్పుడు బాధ లేదు.

"ఉత్తరాల సంగతే. నేను దుకాణానికి రాస్తున్నాననుకున్నాను. జవాబులు ఎవరికి వీలైతే వాళ్ళు రాస్తారనుకున్నాను. మీలో ఒకరు కళ్ళు మసకన్నారు. ఒకరు ఒక్క మనిషికి వంటెలా చేసుకోవాలో చెప్పారు. ఒకరికి వాన ఇష్టం. మా అమ్మ పోయినప్పుడు రాసినావిడ ఇంకెవరో పెద్దావిడ అనుకున్నాను. ఆ నలుగురికీ మనసులో పేర్లు కూడా పెట్టుకున్నాను. తలా ఒక ముక్కే తెలుసు కదా అన్న ధైర్యంతోనే అన్నీ రాశాను. ఇప్పుడు మీరు, అన్నీ చదివింది నేనొక్కదాన్నే అన్నారు. అప్పటినుంచి నాకు ఒళ్ళంతా సిగ్గుగా ఉంది. ఎక్కడో ఒక మనిషి కూర్చుని నా గురించి మొత్తం తెలుసుకుని ఉందంటే నిద్ర పట్టడం లేదు. మీరు మంచివారే అయి ఉంటారు. అయినా సరే. నిజంగా ఒక్కరేనా? నా ఖాతా తీసేయండి. దయచేసి అన్నీ చెరిపేశామని చెప్పండి."

అక్కయ్య చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళలేదు. ఆఫీసులో ఎవరి పనిలో వాళ్ళు పడ్డారన్న చోట సంతోషం కలిగింది, నిజంగానే కలిగింది. మిగతాది మెల్లగా దిగింది. వాన అంటే ఇష్టమని తను ఎప్పుడు రాసిందో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. ఆ ఉత్తరం నిన్ననే పోయింది. నలుగురు ఆడవాళ్ళను అక్కడ ఎవరో ఇష్టంగా పేర్లు పెట్టి పెంచుకున్నారు. ఆ నలుగురినీ మొన్న తను ఒక్క వాక్యంతో చంపేసింది.

అవునండీ, నేనే, అన్నీ నేనే, మీరు తప్ప నాకెవరూ లేరు అని రాయాలనిపించింది. రాస్తే చదువుతుంది. చదివి ఇంకా భయపడుతుంది. అక్కయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బల్ల అంచు పట్టుకుని, అవి ఆగేదాకా ఎదురుగా ఉన్న కిటికీలోంచి పక్క మేడ గోడ చూసింది.

తర్వాత కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుని.

"మీరనుకున్నదే నిజమండీ. మేం నలుగురం వంతులేసుకుని రాసేవాళ్ళం. మొన్నటి ఉత్తరం రాసినామె కొత్తగా చేరింది. కస్టమర్లకు ధైర్యం చెప్పే కంగారులో అన్నీ నేనే చదివానని రాసేసింది, మందలించాం. కళ్ళు మసకన్నావిడ పని మానేసి చాన్నాళ్ళయింది. వానంటే ఇష్టమున్న ఆమె పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. వంట చెప్పినావిడ ఇప్పుడు వెనక గదిలో విగ్గులు అల్లుతోంది. మీ అమ్మగారు పోయినప్పుడు రాసినావిడ పెద్దావిడే, ఆమెకిప్పుడు ఏదీ అంతగా గుర్తుండడం లేదు. మీ గురించి మొత్తం తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అన్నీ చెరిపేశాం. మీరు బాగుండాలి. కస్టమర్ సేవ."

పంపి, ఖాతా తీసేయమన్న చోట నొక్కింది. ఖాయమేనా అని అడిగింది. ఖాయమేనని నొక్కింది. ఫోనుకు కోడ్ వచ్చింది, అదీ కొట్టింది.

వెనక గదిలోంచి టీ గ్లాసుతో వచ్చిన అల్లికామె, పొద్దున్నే ఎవరు రాశారక్కా, అంతసేపు కొడుతున్నావు అని అడిగింది.

"ఎవరో కస్టమరమ్మ. ఖాతా తీసేయమంటే తీశాను" అని అక్కయ్య గ్లాసు అందుకుంది.